నేను పంపినవన్నీ దొరికాయి

నా కంప్యూటర్ పాతదైపోయిందని దానికి అప్‌డేట్లు రావడం ఆగిపోయింది. జీఎస్టీ లెక్కలు ఎక్కించబోతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. నాలుగు చిన్న దుకాణాల లెక్కలు ఇంటి నుంచే రాసుకుంటూ బతుకుతున్నాను, అది మొరాయిస్తే నాకు పూట గడవదు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన రిపేరు దుకాణం పెట్టుకున్న భాయ్ దగ్గరికి తీసుకుపోతే, కొత్తది కొనడం దండగ, ఇందులోనే విండోస్ తీసేసి లైనక్స్ అనే తేలికపాటి సిస్టమ్ వేస్తే మళ్లీ పరుగెత్తుతుంది అన్నాడు. సరే, కానియ్యమన్నాను.

ఇంటికి తెచ్చాక నిజంగానే పరుగెత్తింది. కొత్త సిస్టమ్‌లో ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ పాత మెయిల్ తెరిచాను. ఖాళీ. ఒక్క ఉత్తరం లేదు, ఒక్క చిరునామా లేదు.

లెక్కల ఫైళ్లు పోయి ఉంటే అంత కంగారు పడేదాన్ని కాదు, మళ్లీ రాసుకోవచ్చు. ఆ మెయిల్స్‌లో నా స్నేహితురాలు ఉంది. కిందటి వానాకాలంలో ఆమె చనిపోయింది. ఫొటోలు దిగడమంటే ఇద్దరికీ సిగ్గు. ఆమె మాట నా దగ్గర మిగిలిందంటే ఆ మెయిల్స్‌లోనే. అవి సర్వర్‌లో కూడా ఉండవు, అప్పట్లో వచ్చినవి వచ్చినట్టు కంప్యూటర్‌లోకే దిగిపోయేవి. ఆమె పోయాక తెరిచి చదివే ధైర్యం రాలేదు. ఉన్నాయిలే, ఎక్కడికి పోతాయి అనుకుంటూ రోజులు గడిపాను.

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి, పసుపు అమ్మే హోల్‌సేల్ దుకాణంలో అప్పట్లో నేను లెక్కలు రాసేదాన్ని. ఆమె బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో అదే పని చేసేది. మధ్యాహ్నం మా గోదాం మెట్ల మీద ఇద్దరం అన్నం డబ్బాలు విప్పుకునేవాళ్లం. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే తినేది, ఇంకో చోటుకు పోదామంటే మాత్రం వినేది కాదు. మిగతా పూటంతా మెయిల్సే. ఫోన్ పట్టుకుంటే మా సేఠ్ గుడ్లురిమేవాడు. టకటకా టైపు కొడుతుంటే మాత్రం, పిల్ల ఎంత బాగా పని చేస్తోందో అని మురిసిపోయేవాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. సేఠ్ కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాతది నాకే ఇచ్చేశాడు, అందులో మా లొల్లంతా ఉందని తెలియక.

కంప్యూటర్‌ను మళ్లీ ఆటోలో వేసుకుని దుకాణానికి పోయాను. నోరు నా అదుపులో లేదు.

"ఏం భాయ్, మంచిగున్న మిషన్‌ను ఆగం చేసినవ్ గద! నా మెయిల్స్ ఏడున్నయి?"

"ఫికర్ చెయ్యకుండ్రమ్మా. పాతదంత వేరే డిస్క్‌ల కాపీ కొట్టి పెట్టిన. గా మెయిల్ ఫోల్డర్ తెచ్చి ఇండ్ల పెడితే అయిపాయె."

"ఏమన్న పోయిందనుకో, నేనైతే ఊకోను."

"ఏం పోదు. జర గా కుర్సీల కూసోండ్రి."

కూర్చున్నాను. చాయ్ తెప్పించాడు. తాగలేదు, కోపంగా ఉన్నానని తెలియాలి కదా.

ముందు చిరునామాలు వచ్చాయి. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు, గోనెసంచులు, ట్రాలీ భాయ్. బజారులో మనుషుల్ని సరుకుతోనే పిలుస్తాం, నేనూ అలాగే రాసిపెట్టుకున్నాను. వాటి మధ్యలో 'గిన్నెలు'. అదే ఆమె. ఆ ఒక్క మాట చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మెయిల్స్ కూడా వచ్చేశాయని భాయ్ చెప్పాడు. ఆయన ముందు చదవలేక కంప్యూటర్ తీసుకుని ఇంటికి వచ్చేశాను.

తలుపు వేసుకుని తెరిచాను. నేను పంపినవి కుప్పలుగా ఉన్నాయి. నాకు వచ్చినవి చూడబోతే అడుగున ఏదో ఒక్కటే కనబడింది, ప్రకటన ఏదో అయి ఉంటుందని, ఎవరిదో కూడా చూడకుండా వదిలేశాను. పంపినవే చదువుతూ పోయాను. "అవునా! మరి నువ్వేమన్నవ్?" "ఆమె అట్లెట్ల అంటదే?" "నవ్వాపుకోలేక చస్తున్న, సేఠ్ చూస్తున్నడు." ఆమె ఏం రాస్తే అంత నవ్వానో అందులో లేదు. ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. గోడతో మాట్లాడుకునే మనిషి మాటల్లా ఉన్నాయి నావి.

భాయ్‌కి ఫోన్ చేసి కడిగేశాను, సగమే తెచ్చావని.

"ఉన్నయన్నీ తెచ్చినమ్మా. డిస్క్‌ల గంతే ఉన్నయి. ఎవలో డిలీట్ చేసిన్రు."

ఎవరో ఏమిటి, నా కంప్యూటర్ ముట్టుకునేది నేనొక్కదాన్నే. ఫోన్ పెట్టేశాక గానీ తెలిసిరాలేదు. మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. కిరాణా దుకాణాల నుంచి ఫలానా సరుకు పంపండని చిట్టీ వస్తుంది. సరుకు ట్రాలీ ఎక్కగానే ఆ చిట్టీ చింపెయ్యాలి. లేకపోతే ఇంకెవరో చూసి అదే సరుకు మళ్లీ పంపేస్తారు. మనం ఇచ్చిన బిల్లు కాపీ మాత్రం భద్రంగా ఉంచాలి. చేరిన కొత్తలోనే సేఠ్ నేర్పాడు. ఏ మెయిల్‌కైనా, ఆమెదానికైనా సరే, జవాబు కొట్టడం ఆలస్యం, నా చేయి దానంతటదే డిలీట్ మీదకు పోయేది. ఆ చేతిని చూసుకుంటే ఏడుపొచ్చింది. సిస్టమ్ మార్చినా మార్చకపోయినా అవి ఎన్నడో పోయాయి.

మళ్లీ భాయ్‌కి ఫోన్ చేసి, తప్పు నీది కాదని చెప్పాను. పర్వా లేదమ్మా అన్నాడు. ఇంకాసేపు మాట్లాడాలనిపించినా పెట్టేశాను.

అప్పుడు, వచ్చినవాటిలో మిగిలిన ఆ ఒక్కటీ తెరిచాను. ఆమెదే. భర్తకు వరంగల్ బదిలీ అయితే తను ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రం పంపింది. దానికి మెయిల్‌లో జవాబు రాయలేదు. సంచి భుజాన వేసుకుని నేనే ఆమె దుకాణానికి పరుగెత్తాను, బస్సు వచ్చేదాకా చేయి పట్టుకుని నిలబడ్డాను. జవాబు కొట్టలేదు కాబట్టి డిలీట్ చేయలేదు.

రెండే మాటలు రాసింది.

"నేనైతే పోతున్న. రేపటి సంది అన్నం ఎవలతోని తింటవే?"

బస్టాపులో ఈ సంగతి ఇద్దరం ఎత్తలేదు. మరునాడు మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటే హమాలీలు కూడా జాలిగా చూశారు. ఆ తర్వాత నా సీట్లోనే గబగబా తినేసేదాన్ని. ఆమె ఫోన్ చేసి అడిగినప్పుడల్లా, బాధపడుతుందని, తోడుకు మస్తు మంది ఉన్నారులే అనేదాన్ని. నమ్మిందో లేదో.

మధ్యాహ్నం దాటిపోయింది. అన్నం ఎప్పుడో చల్లారిపోయింది. పళ్లెం తెచ్చుకుని తెర ముందు కూర్చున్నాను.

"ఒక్కదాన్నే తింటున్ననే," అని బయటికే అన్నాను. ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే అన్నాను.