మధ్యలో మా అక్క

మా అక్క ఆస్పత్రి వార్డులో హెడ్ నర్సు. ఇరవై రెండేళ్ల సర్వీసు. తన డ్యూటీ తొమ్మిది నుంచి అయిదు దాకానే. కానీ పొద్దున ఆరింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి కొంప చేరేది. అన్నం కలుపుకుని, తినడం మరిచిపోయి కునికిపాట్లు పడేది.

ఇదంతా ఇద్దరు నర్సుల పుణ్యం. ఒకావిడ పొడుగమ్మ. ఇంకొకావిడ, నిమిషం ఆలస్యాన్ని కూడా ఓర్వని గడియారం. పేర్లు పెట్టింది నేనే. రెండేళ్ల కిందట పొడుగమ్మ గంట ఆలస్యంగా వచ్చిందని గడియారం రోగులందరి ముందూ కడిగిపారేసింది. అప్పట్నుంచి మాటల్లేవు. అక్కకి గొడవలంటే భయం. ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగే బదులు, ఒకరికి పగలు, ఇంకొకరికి రాత్రి వేసి, డ్యూటీ మారే రెండు వేళలా, పొద్దున ఏడింటికీ రాత్రి ఏడింటికీ, తనే మధ్యలో నిలబడేది. ఒకరు చెప్పింది విని రెండోవారికి అప్పగించేది. "నువ్వు నర్సువా, రాయబారివా?" అని దెప్పేదాన్ని. నవ్వడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

మొన్న ఆ కాస్త ఓపికా అయిపోయింది. ఓ పెద్దాయనకి గుండె మాత్ర వేసేశానని పొడుగమ్మ చెప్పిన మాట, గడియారానికి చెప్పడం అక్క మరిచిపోయింది. గడియారం మళ్లీ వేయబోతే, "ఇందాకే మింగానమ్మా" అని ఆయనే అన్నాడు కాబట్టి సరిపోయింది. అక్క ఇంటికొచ్చి రాజీనామా రాసింది. తెల్లారి మంచం దిగలేక, "నువ్వే ఇచ్చి రావే" అంది.

ఏడింటికి వార్డుకి వెళ్లాను. నర్సుల గదిలో పొడుగమ్మా గడియారం ఒకే డబ్బాలోంచి తింటూ, రోగుల సంగతులు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"మీకు మాటల్లేవు కదా?" అన్నాను.

"కలిసిపోయి ఏడాదైందండీ," అంది గడియారం. "మా అమ్మ పోయినప్పుడు ఈవిడే వచ్చి నాతో ఉంది."

"మరి మా అక్కకి చెప్పలేదేం?"

"సిస్టర్ మాకోసం అంత అవస్థ పడుతుంటే ఎలా చెప్పాలో తెలీలేదు," అంది పొడుగమ్మ. "ఆవిడ రాగానే నోళ్లు మూసుకోవడం అలవాటైపోయింది. ఆవిడా ఎప్పుడూ అడగలేదు."

నాకు ఒళ్లు మండింది. "మీ మొహమాటం తగలెయ్య! ఆవిడ ఏడాదిగా చచ్చి బతుకుతోంది" అని అరిచి, కాగితం ఇవ్వకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాను. "ఏడాదా?" అంది. కోప్పడుతుందనుకున్నాను. "ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేదే" అని దుప్పటి ముసుగేసుకుంది. లోపల ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు అక్క అలవాటు కొద్దీ తెల్లారకుండానే లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

"అయితే ఈ వేళప్పుడు అక్కడ నాతో పనేం లేదన్నమాట," అంది.

"లేదు. వచ్చి పడుకో."

వచ్చి పడుకుంది. రాజీనామా కాగితం ఏమైందని అడగలేదు. కళ్లు మూసుకుని, "ఎనిమిదింటికి లేపవే, తొమ్మిదింటికి డ్యూటీ" అంది.