రేడియో ఖాదర్ నిదానపు దరువు

కొల్లాపూర్ బస్టాండు ఎదుట టేప్‌రికార్డర్లు బాగుచేసే అబ్దుల్ ఖాదర్‌కు ఊళ్లో రెండు పేర్లు. పని సమయానికి అయినవాళ్లు రేడియో ఖాదర్ అనేవారు. పని ఆలస్యమైనవాళ్లు అనే పేరు ఇక్కడ రాయడం బాగుండదు. అతని చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉండేది. నిద్రలో కూడా అది తీయడని భార్య జాహేదా నలుగురిలో చెప్పి నవ్వేది.

వాళ్లది మర్ఫా డోలు వాయించే ఇల్లు. ముత్తాత ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి సంస్థానం గుర్రపు దళంలో చేరాడంటారు. గుర్రాలు పోయాయి, సంస్థానం పోయింది, మర్ఫా మిగిలింది. ఏ కులం పెళ్లయినా సరే, ఖాదర్ తండ్రి అహ్మద్ అలీ ఆ డోలు మెడలో వేసుకుని రెండు కర్రలతో దరువెత్తుకున్నాడంటే కూర్చున్నవాడు లేచి ఆడాల్సిందే. మోకాళ్లు అరిగిపోయాక ఆయన అరుగెక్కాడు, మర్ఫా గోడ మేకుకెక్కింది.

ఆ రోజుల్లోనే ఖాదర్ ఒక పాత కీబోర్డు కొన్నాడు. ఒక మీట నొక్కితే డోలు, ఇంకో మీట నొక్కితే తాళం. దుకాణం వెనక గదిలో రెండు టేప్‌రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి చప్పుళ్లు ఎక్కిస్తూ, నడుమ రేకు డబ్బా కొడుతూ సొంత దరువులు తయారుచేసేవాడు. అహ్మద్ అలీ విన్నాడు. "ఊపిరి లేని పెట్టె పెండ్లి చేస్తదా?" అని ఒక్క మాట విసిరి, ఆనాటి నుంచి కొడుకుతో మాట్లాడటమే మానేశాడు.

తండ్రీకొడుకులు నేల మీద పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ దగ్గర పక్కపక్కనే తినేవారు. "బిడ్డా, వానికి కూర గావాల్నా అడుగు" అని మామ. "వద్దని అబ్బాకు చెప్పు" అని మొగుడు. జాహేదా ఆ ఇంటికి పోస్టాఫీసయింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు ఒకే కప్పు కింద ఇద్దరుంటే కోడలు మాత్రం ఏం చేస్తుంది? పైకి నవ్వినా ఖాదర్‌కు లోపల చాలా బాధగా ఉండేది. కర్ర పట్టడం నేర్పిన మనిషి తనను పేరుపెట్టి పిలవకపోతే, ఊళ్లో ఎన్ని రేడియోలు పలికి ఏం లాభం?

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆ ఊరి ముసలామె సాలమ్మ మనుమరాలి పెళ్లి వచ్చింది. హైదరాబాదులో చదువుతున్న మనుమడు సైదులు తనతోపాటు డొమింగోస్ అనే కాలేజీ స్నేహితుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. అతనిది అంగోలా. అంటే మన గోవాలాగే పోర్చుగీసువాళ్లు ఏలిన ఆఫ్రికా దేశమని, సైదులు దారిలో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. బస్సు కుదుపులకు డొమింగోస్ టేప్‌రికార్డర్ మూగబోయింది. సైదులు దాన్ని ఖాదర్ ముందు పెట్టి, సాయంత్రం వస్తామని వెళ్లాడు.

ఊడిన తీగ అతికించడం ఖాదర్‌కు ఎంతసేపు? అతికించి, లోపలున్న క్యాసెట్ వేస్తే దరువు ఎండకు అలసిన ఎద్దులా నడుస్తోంది. ధమ్మని ఒక దెబ్బ, మళ్లీ ఎప్పటికో ఇంకోటి. బెల్టు సాగిందనుకుని కొత్త బెల్టు వేశాడు. అయినా అంతే. టేపుల మెకానిక్కుకు పాట నెమ్మదిగా వినబడిందంటే అది జబ్బే. పాటే అట్లా ఉండొచ్చునన్న అనుమానం ఆ వృత్తిలో ఎవరికీ రాదు. మోటారు వెనక బొక్కలో ఉండే చిన్న స్క్రూను తిప్పి తిప్పి, బారాత్‌లో మర్ఫా పరుగెత్తే వేగానికి తెచ్చి, తృప్తిగా చాయ్ తాగాడు.

సాయంత్రం డొమింగోస్ వచ్చి మీట నొక్కాడు. బొంగురు గొంతు గాయకుడు కోడిపిల్లలా కీచుమన్నాడు. డొమింగోస్ కడుపు పట్టుకుని మెట్ల మీద కూలబడి నవ్వాడు. ఖాదర్ ముఖం మాడిపోయింది. నవ్వు తగ్గాక అతడు ఇంగ్లీషులో చెప్పిందంతా సైదులు తెలుగులో చెప్పాడు. దీన్ని కిజోంబ అంటారట, ఇంకా నిదానంగా నడిచేదాన్ని తరషిన్య అంటారట. తమ దగ్గర జంటలు పాదం ఎత్తీ ఎత్తకుండా దానికి ఆడతారట. దాన్ని తయారుచేసేది కూడా గొప్ప గొప్ప స్టూడియోలు కాదట, ఇళ్లలో మంచం పక్కన యంత్రం పెట్టుకుని కూర్చునే మామూలు కుర్రాళ్లేనట.

ఖాదర్ ఇద్దరినీ వెనక గదిలోకి తీసుకుపోయి తన కీబోర్డు, జంట టేప్‌రికార్డర్లు, రేకు డబ్బా చూపించాడు. డొమింగోస్ డబ్బా మీద వేళ్లతో ఒక దరువు వేసి, ఖాదర్ భుజం చరిచాడు. సముద్రం అవతల కూడా తనలాంటి పిచ్చివాళ్లున్నారని తెలిసి ఖాదర్‌కు పండుగైంది. స్క్రూ వెనక్కి తిప్పి ఇచ్చేశాడు. మరునాడు దుకాణం తెరవనే లేదు. తమ ఇంటి మర్ఫా దరువు వేగాన్నే సగానికి సగం తగ్గించి, అడుగున కీబోర్డు దెబ్బలు పరిచి ఒక క్యాసెట్ నింపాడు.

పెళ్లినాడు పొద్దు వాలుతుండగా సాలమ్మ వాకిట్లో మైకు కట్టి ఆ క్యాసెట్ వేశాడు. అహ్మద్ అలీ కూడా వచ్చాడు. వాయించినా వాయించకపోయినా మర్ఫా లేకుండా పెళ్లికి పోవడం ఆయనకు చొక్కా లేకుండా పోయినట్టే. దాన్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఎగరడానికి లుంగీలు బిగించిన కుర్రాళ్లు రెండడుగులు వేసి తడబడ్డారు. పెళ్లికొడుకు తరఫున వచ్చిన పర్వతాలు అనేవాడు, "బ్యాటరీ దిగిందా ఖాదర్ భాయ్, టేపు గుంజుకున్నదా?" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇట్లాంటివాళ్ల కోసమే పుట్టింది. అయినా వాకిలంతా నవ్వింది. రేడియో ఖాదర్ టేపే ఈడుస్తోందంటే ఇక బాగుచేయమని తెచ్చేదెవరు? అదీ పెద్ద ఫికర్ కాదు. అబ్బా వింటున్నాడు. ఖాదర్ చేయి ఆపే మీట మీదికి పోయింది.

సాలమ్మ ఆపనివ్వలేదు. కొంగు నడుముకు దోపుకుని పందిట్లోకి వచ్చింది.

"ఉండనియ్ బిడ్డా. గిన్నేండ్లకు నా మోకాళ్లకు సరిపోయిన దరువు దొరికింది."

నేలను మెత్తమెత్తగా తొక్కుతూ ఆడటం మొదలుపెట్టింది. ఆమెను చూసి పక్కింటి నర్సింగమ్మ లేచింది. ఆటను ఎన్నడో మానుకున్న ముసలివాళ్లంతా ఒక్కొక్కరే లేచారు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఊపిరి తీసుకునే జాగా ఉంది మరి. డొమింగోస్ సాలమ్మ ఎదుట పాదాలు జరుపుతూ ఆడుతుంటే, నవ్విన కుర్రాళ్లు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు క్యాసెట్‌లో లేని దెబ్బ ఒకటి ఖాదర్‌కు వినబడింది. తిరిగి చూశాడు. అహ్మద్ అలీ కుర్చీలోంచి లేచి, మర్ఫా మెడలో వేసుకుని, పెట్టె వదిలిన ఖాళీల్లో కర్రలు ఆడిస్తున్నాడు. అట్లా వాయిస్తూనే, నొప్పి కాళ్లతో మెల్లగా టేప్‌రికార్డర్ దాకా వచ్చాడు.

"ఖాదర్, ఇంక జర మెల్లగ పోనియ్. నడుమల కొట్టెతందుకు నాకు జాగా సాలుతలేదు."

ఆ మాట మొగుడికి చేరవేయడానికి జాహేదా అలవాటుకొద్దీ నోరు తెరిచి, మూసుకుంది. ఖాదర్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. కళ్లు మసకలు కమ్మి, రోజూ తిప్పే ఆ చిన్న స్క్రూ ఎక్కడుందో అతనికి చాలాసేపు దొరకలేదు.