ముందు నీళ్లడిగే మేష్ట్రు

మేష్ట్రు పోయారన్న కబురు నాకు చిక్కబళ్లాపురంలో, కాలేజీ స్టాఫ్ రూములో తెలిసింది. రెండో పీరియడ్‌కి లేవబోతుంటే బాగేపల్లి నుంచి ఫోను. ఒకప్పుడు నాతో కలిసి సర్వే పనిచేసిన స్నేహితురాలు. తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట, ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా లేదట. ఆ రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. పిల్లలకు సెలవు చెప్పి బాగేపల్లి బస్సెక్కాను.

కర్ణాటకలో తెలుగు మాట్లాడే మా వైపు బడిపంతులును మేష్ట్రు అంటారు. కన్నడ బడి ఇచ్చిన మాట అది. ఆయన బాగేపల్లి తాలూకా ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర బళ్లో చదవలేదు. అయినా నాకు తెలిసిన మేష్ట్రు ఆయనొక్కరే.

ఇంటి ముందు షామియానా చాలక జనం రోడ్డు మీద నిలబడ్డారు. చాలామంది పల్లెల వాళ్లు. గౌరిబిదనూరు నుంచి వచ్చిన ఆయన కొడుక్కి వాళ్లలో సగం మంది ఎవరో తెలియదు. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన్ని, మీకు మా నాయన ఎట్లా తెలుసని మెల్లగా అడిగాడు.

"జనగణతికి వచ్చినాడప్పా మా ఇంటికి. మూడు తూర్లు," అన్నాడాయన.

జనగణన పదేళ్లకు ఒకసారి వస్తుంది. అంటే ముప్పై ఏళ్లలో మూడు సార్లు కలిసిన మనిషి కోసం ఆ ముసలాయన రెండు బస్సులు మారి వచ్చాడు. ఆ జవాబు విన్నాక ఆయన గురించి రాయాలనిపించింది.

నేను చింతామణి అమ్మాయిని. ఎం.ఏ. పూర్తిచేసి ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో కూర్చున్న రోజుల్లో, బెంగళూరు నుంచి ఒక పరిశోధకురాలు మా ప్రాంతంలో తాగునీటి మీద అధ్యయనం చేయడానికి వచ్చారు. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై, పిల్లల పళ్లు పచ్చబడుతున్నాయి, పెద్దవాళ్ల మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి. ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. ఆ పనికి నలుగురు ఆడపిల్లల్ని తీసుకున్నారు. రిటైరైన ఈ మేష్ట్రును మా మీద సూపర్‌వైజరుగా పెట్టారు. అప్పటికి మా పల్లెల్లో సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. ఆయన చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచి, సంచిలో వేయించిన శనగకాయలు, ఒక బెల్లం ముక్క. ఎంత ఆకలేసినా హోటల్లో తినేవారు కాదు. బస్సులో పక్కన కూర్చున్న వాళ్లకి మాత్రం అడక్కుండానే ఒక పిడికెడు శనగకాయలు పెట్టేవారు.

మా ప్రశ్నలు ఇంగ్లీషులో పుట్టి, కన్నడలో అచ్చయి, తెలుగులో అడగాల్సినవి. మొదటి రోజు నేను చాకవేలు దగ్గర ఒక అవ్వని, కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా, మీ ఇంటి తాగేనీళ్ల మూల ఏదని అడిగాను. కన్నడలో మూల అంటే ఆధారం. అవ్వ నన్ను లోపలికి తీసుకెళ్లి, వంటింటి మూలలో ఉన్న కడవను చూపించింది. మేష్ట్రు బయట నిలబడి నవ్వాపుకోలేక గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మరుసటి రోజు మమ్మల్ని పనికి పంపలేదు. బాగేపల్లి బస్టాండు దగ్గర టీ అమ్మే ఆవిడ ముందు కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్ననూ మా మాటల్లోకి మార్పించి, ఆవిడకు వినిపించమన్నారు. ఆవిడ తడుముకోకుండా జవాబు చెబితేనే ఆ ప్రశ్న పాసైనట్టు.

ఏ ఇంటికి వెళ్లినా ఆయన సంచిలోంచి కాగితం తీసేవారు కాదు. అరుగు మీద కూర్చుని ముందు నీళ్లు అడిగేవారు. "తాగేకి రోంత నీళ్లియ్యమ్మా అను. యాడ నుంచి తెస్తారో, ఎంత కష్టపడి తెస్తారో వాళ్లే చెప్తారు," అనేవారు మాతో. నిజంగానే చెప్పేవాళ్లు. చెంబు చేతికిస్తూనే మొదలుపెట్టేవాళ్లు. ఫ్లోరైడ్ నీళ్లని తెలిసి కూడా ఆయన ఆ చెంబు ఖాళీ చేసేవారు. ఎందుకని అడిగితే, వాళ్లు రోజూ తాగే నీళ్లు నేను ఒక పూట తాగలేనా అన్నారు.

ఒక ఇంట్లో భర్త ముందుకొచ్చి, రోజుకు నాలుగు బిందెలు తెస్తామని గట్టిగా చెప్పాడు. ఆయన భార్య తల వంచుకుని గోడకు ఆనుకుని ఉంది. మేష్ట్రు ఆయన భుజం మీద చెయ్యేసి, మీ ఎనుములు బాగుండాయంట కదప్పా, చూపించు అని దొడ్లోకి తీసుకెళ్లిపోయారు. వాళ్లు అటు వెళ్లగానే ఆమె నా వైపు తిరిగి, పదకొండు అంది. ఎవరు మోస్తారో వాళ్లనే అడగాలని నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఇంత నేర్చుకున్నాక కూడా నేను చేసిన పని ఒకటుంది. ఆ సర్వేలో వాళ్లకి తప్ప బయట ఎవరికీ ఆయన బతికుండగా చెప్పలేదు.

బాగేపల్లి తాలూకా తూర్పు అంచున ఒక పల్లెలో నాకు కొన్ని ఇళ్లు పడ్డాయి. అందులో మూడిళ్లకి ఎప్పుడు వెళ్లినా తాళమే. రెండు సార్లు వెళ్లాను. ఆ వారం చివరికి కాగితాలు, బెంగళూరు పంపడానికి, మేష్ట్రుకి ఇచ్చేయాలి. మూడోసారి అంత దూరం వెళ్లే ఓపిక లేక, బస్టాండులో కూర్చుని, పక్కిళ్ల జవాబులు చూసి ఆ మూడు ఫారాలూ నేనే నింపేశాను. వీధి బోరు నీళ్లు, ఇన్ని బిందెలు, ఇంతమంది పిల్లలు. పక్కింటివాళ్లకంటే వీళ్లు ఏం వేరుగా ఉంటారులే అనుకున్నాను. సంతకం కూడా పెట్టాను.

మేము చేసిన ఇళ్లలో కొన్నింటికి మేష్ట్రు చెప్పకుండా మళ్లీ వెళ్లి సరిచూస్తారని మాకు తెలుసు. ఆ కొన్నింటిలో ఇవీ పడతాయని అనుకోలేదు. సోమవారం ఉదయం ఆయన నన్ను బస్టాండు చివర బెంచీ దగ్గరికి పిలిచారు. ఆ మూడు ఫారాలూ ఆయన ఒళ్లో ఉన్నాయి.

"ఇది నువ్వు చూసిండే ఇల్లామ్మా, రాసిండే ఇల్లా?" అన్నారు.

గొంతు పెంచలేదు. పొరుగింటివాళ్లు చెప్పారట, ఆ మూడిళ్ల వాళ్లు టమోటా కోతలకు టెంపోలో పొద్దు పొడవకముందే పోతారు, పొద్దు గూకినాక వస్తారు, పదిహేను దినాలుగా పగలు ఊళ్లో ఉన్నదే లేదు, మరి నువ్వు ఎవర్ని అడిగావన్నారు. నేను అబద్ధమాడలేకపోయాను. రాసిండేదే అన్నాను. ఇలా చేస్తే పనిలోంచి తీసేస్తారని చేరిన రోజే చెప్పి ఉన్నారు. ఇంట్లో ఏం చెప్పుకోవాలన్నదే నా తలలో తిరుగుతోంది.

ఆయన నన్ను పక్కన కూర్చోమన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు జనగణన పని పడిందట. ఒక ఇంట్లో వాకిట్లోనే నిలబడి, ఎంతమందని అడిగి, ఐదుగురని రాసుకుని వచ్చేశారు. ఆ ఇంటి వెనక ఎనుముల కొట్టంలో ఒక ముసలావిడ ఉంటోందని ఏడాది తర్వాత తెలిసింది. దిక్కులేని దూరపు చుట్టం. ఇంటివాళ్లు ఆమెను లెక్కలోకి చెప్పలేదు, ఈయన లోపలికి పోయి చూడలేదు. మళ్లీ జనగణన వచ్చేలోపు ఆమె పోయింది.

"ఆయమ్మ ఈ దేశంలో ఉండాది అని రాసే పని నాకిచ్చింటే, నేను రాయకుండా వచ్చేస్తినమ్మా. పదేండ్ల లెక్కలో ఆయమ్మ లేనే లేదు. దాన్ని ఇంగ ఎవురూ సరిచెయ్యలేరు," అన్నారు. ఆ మూడు ఫారాలూ నా చేతిలో పెట్టి, "నీది సరిచేసుకోవచ్చు," అన్నారు.

ఆ తర్వాత నుంచే ఆయన ప్రతి ఇంటి పెరట్లోకీ తొంగిచూసి, ఇంకా ఎవరైనా ఉండారా అని రెండోసారి అడగడం మొదలుపెట్టారట. ఆ ముసలాయన మూడు తూర్లు అని ఎందుకు గుర్తుపెట్టుకున్నాడో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. తనను అంత శ్రద్ధగా ఇంకెవరు అడిగి ఉంటారు?

జరిగింది జరిగినట్టు నా చేత్తోనే బెంగళూరు మేడంకి ఉత్తరం రాయించారు. దాని కింద, ఈ అమ్మాయికి రెండు సార్లు తాళం పడిన ఇంటిని ఏం చెయ్యాలో నేను చెప్పి ఉండాల్సింది అని ఆయన ఒక వాక్యం చేర్చారు. మూడిళ్లు కాదు, ఆ ఊళ్లో నేను చేసిన ఇళ్లన్నీ మళ్లీ చెయ్యాలన్నారు. మూడు అబద్ధమైనాక మిగతావి నిజమని చదివేవాళ్లు ఎందుకు నమ్మాలి అని. న్యాయమే అనిపించింది.

ఇద్దరం వెళ్లాం. ఆ ఊరి టీచరమ్మ ఇంట్లో నన్ను ఉంచి, ఆయన బడి వరండాలో పడుకున్నారు. తెల్లవారకముందే టెంపో ఆగే చోట నిలబడ్డాం. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. మేము పనికి అడ్డం రాము, కోతలో మేమూ ఒక చెయ్యి వేస్తామని మేష్ట్రు ఒప్పించారు. చింతామణి వైపు తోటలో అరవై దాటిన ఆ మనిషి పంచె ఎగగట్టి, మధ్యాహ్నం దాకా టమోటాలు కోశారు. నేనూ కోశాను. అన్నాల వేళకి ఆ ఆడవాళ్లే మమ్మల్ని పిలిచి రాగిముద్ద పెట్టారు.

ఆ మూడిళ్లలో ఒక ఇల్లు చౌడమ్మది. ఆమెను వీధి బోరు నీళ్ల గురించి అడిగాను. ఆ నీళ్లు తాము తాగడం మానేసి ఎన్నో ఏళ్లయిందంది. చెరుకుతోట దాటాక పాతకాలపు చేదబావి ఒకటి ఉందట. అందరూ వదిలేశారు. ఆమె మాత్రం పనికి పోకముందు అక్కడికి వెళ్లి రెండు కడవలు తెస్తుంది.

"బోరు నీళ్లలో కందిబ్యాళ్లు ఎంతసేపున్నా ఉడకవమ్మా. బావి నీళ్లలో ఉడుకుతాయి. బ్యాళ్లే ఉడకని నీళ్లు కడుపులో ఏమి చేస్తాయో అని నాకే అనుమానమొచ్చింది," అంది. తర్వాత, పక్కన కూర్చున్న పెద్దకూతురి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పింది. "ఇది బోరు నీళ్లు తాగి పెరిగింది. దీని పండ్లు చూడు. చిన్నది బావి నీళ్లు తాగింది. బడికి పోయిండాది, రాత్రికి వచ్చి దాని పండ్లు చూడు."

నేను కల్పించి రాసిన ఫారంలో ఆ ఇంటికి బోరు నీళ్లే ఉన్నాయి. ఆ ఊరి మొత్తంలో అసలు తెలుసుకోవలసిన విషయం తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను పక్కింటివాళ్లలాగా చేసేశాను. ముద్ద పక్కన పెట్టి ఫారం తీశాను. మేష్ట్రు నా వైపు చూడలేదు. ఆమె చెప్పిన దానికి ఫారంలో గడి లేదని నేనంటే, కాగితానికి వెనక పక్క ఉంది కదా అన్నారు. ఆమె మాటల్లోనే, ఆమె చెప్పిన వరసలోనే రాశాను.

బెంగళూరు మేడం నా ఉత్తరం చదివారు, ఆ వెనక పక్కా చదివారు. నన్ను పనిలోంచి తీసేయలేదు. రెండు వారాలకు సీసాలు పట్టుకుని తనే వచ్చి, చౌడమ్మ వెంట నడిచి ఆ బావి నీళ్లు తీసుకెళ్లారు. తాగడానికి పనికొచ్చే నీళ్లేనని పరీక్షలో తేలింది. ఆ తర్వాత మేష్ట్రు పంచాయితీ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలియదు. రెండేళ్లు పట్టింది. బావిలో పూడిక తీశారు, పైన కప్పు వేశారు, ఊళ్లోకి పైపు వచ్చింది. మొదటి రోజు నీళ్లు వదిలినప్పుడు కొళాయి తిప్పమని అందరూ ఆయన్ని పిలిస్తే, ఆయన చౌడమ్మను ముందుకు తోశారట.

ఇప్పుడు నేను పిల్లలకు పరిశోధనా పద్ధతులు చెబుతున్నాను. ఎవరో రాసిపెట్టిన లెక్కలు తీసుకోకుండా మనమే వెళ్లి అడిగి, చూసి, కొలిచి తెచ్చుకునే దాన్ని ప్రాథమిక సమాచారం అంటారని బోర్డు మీద రాస్తాను. ముఖాముఖి, పరిశీలన, ప్రశ్నావళి అని దాని రకాలు రాస్తాను. రాస్తున్నంతసేపూ ఆయన గొంతు వినిపిస్తుంది. పోయిన ఏడు ఒకసారి క్లాసుకి పిలిస్తే వచ్చారు. గంటసేపు మాట్లాడమన్నాను. "చెప్పింది రాయండి, అనుకున్నది రాయొద్దండి. తెలీదు అన్నా అది జవాబే, తాళం వేసిండాది అన్నా అది జవాబే," అని చెప్పి, ఐదు నిమిషాల్లో ముగించేశారు. మిగతా సమయమంతా పిల్లల ఊళ్లు, వాళ్ల ఇళ్లలో ఎవరేం చేస్తారో అడుగుతూ కూర్చున్నారు. అలా మొహమాటంగా, కుర్చీ అంచున కూర్చున్న మేష్ట్రును చూడటం నాకదే ఆఖరు.

ఆయన పోయిన పదో రోజున మా క్లాసు పిల్లల్ని చిక్కబళ్లాపురం పక్కనున్న పల్లెకు మొదటిసారి సర్వేకి తీసుకెళ్లాను. వెళదామా వాయిదా వేద్దామా అని ఊగి, చివరికి వెళ్లాం. సందు చివర ఒక గడప ముందు నా విద్యార్థిని ఒకమ్మాయి, నీళ్లు తాగిన చెంబు పక్కన పెట్టుకుని, సంచిలోంచి కాగితం తీయకుండా కూర్చుని ఉంది. ఎదురుగా ఒక అవ్వ చేటలో అవరె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను వినేంత దూరంలో ఆగాను. ప్రశ్నలు అడుగుతున్నది అవ్వ. మీది యా ఊరు, మీ నాయన ఏమి చేస్తాడు, ఎంతమంది మీరు, పొద్దున ఏమి తినొస్తివి. అమ్మాయి ఒక్కోదానికీ నిదానంగా, దాచుకోకుండా జవాబు చెబుతోంది. ఎండ గోడ మీంచి దిగి ఇద్దరి కాళ్ల దాకా వచ్చింది. అవ్వ ఇంకో ప్రశ్న అడిగింది.