పుర్సత్ లేని కుమ్మరి వాకిలి

పోలీస్ యాక్షన్ జరిగిన వారంలోనే నల్గొండ పల్లెలకు సరుకు కొనడానికి బయలుదేరిన తెలివి నాది. అందరూ ఆగమన్నారు. భయపడ్డవాళ్లు చవగ్గా అమ్ముతారని, బెజవాడ కొట్లో పుట్టి పెరిగిన నా లెక్క.

ఒక ఊళ్లో ముసలి కుమ్మరి కుండలు కాల్చే ఆవం విప్పి కుండలు తీస్తున్నాడు. వాకిట్లో జనం మాటా పలుకూ లేకుండా నిలబడ్డారు. దారికి నీళ్లకుండ అడిగాను.

“జర ఆగు బిడ్డా, పుర్సత్ లేదు. ఊపిరి సలుపుతలేదు.”

మా బజారులో ఆ మాట నవ్వుతూ అంటాం, బేరాలు ఊపు మీదున్నప్పుడు.

“గిరాకీ జోరుగా ఉందే తాతా! రెండు తీసుకుంటాను, ధర తగ్గించు.”

ఆయన తలెత్తాడు. “గివి పాడె ముందట నిప్పు పట్టుకపోయే కుండలు. కాల్పుల్ల ఏడుగురు పోయిండ్రు. వీటికి పైసలు తీసుకోం బిడ్డా, బేరం ఎక్కడిది?”

ఆయన తీసిన కుండలు ఒక్కొక్కటే వాకిట్లోవాళ్లకు అందించాను. ఆరు అయ్యాయి. ఏడోది ఆయన తన పక్కన పెట్టుకున్నాడు.

“అదెవరికి తాతా?”

“నా కొడుక్కు. ఊరోళ్లయి అయినంకనే మా ఇంటిది. గది మా రివాజు.”

బండి కిరాయి నాలుగు రూపాయలు. కొన్న సరుకు ఏమీ లేదు. అందించిన కుండలు ఆరు. ఏడోదాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు.