చీపురుకు దండం పెట్టిన పిల్లోడు

కొత్త కొండచీపురు దులిపితే పొట్టు రాలుతుంది, ఎండుగడ్డి వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు ఐరాలలోని మా వసారా, మా అవ్వ, అరువు తెచ్చుకున్న మాయల బడి కథల పుస్తకం గుర్తొస్తాయి.

అప్పట్లో పిల్లలందరూ ఆ కథల కోసం ఎగబడేవాళ్లు. పక్కింటి మేరీ అత్త మాత్రం అవ్వతో, "అది సైతాను పుస్తకమంట పెద్దమ్మా, మా పాస్టరయ్య చెప్పినాడు. పొయ్యిలో పెట్టు" అంది.

అవ్వ అట్ట మీది బొమ్మ చూసి లెంపలేసుకుంది. "సైతాను సంగతి నాకు తెల్దు గానీ, వీడు చీపురు మింద కాళ్లేసి కూసున్నాడే! లచ్చిమిని తొక్కుతారా యాడన్నా?"

పెద్దవాళ్ల కోపమంతా ఆ చీపురు గురించేననుకున్నాను. నాకింకా సగం కథ మిగిలే ఉంది. అవ్వ పుస్తకం పట్టుకుని పొయ్యి దగ్గరికి నడుస్తోంది. గబుక్కున లాక్కుని, పేజీ తెరిచి గట్టిగా చదివాను: "ఎక్కే ముందు ఆ పిల్లవాడు చీపురును కళ్లకద్దుకుని దండం పెట్టుకున్నాడు."

అవ్వ మెత్తబడింది. "బుద్ధి గల పిల్లోడే. సదువు మే."

మేరీ అత్త పకపకా నవ్వింది. "దండం పెట్టినాడంటే మీవాడేలే పెద్దమ్మా, మా సైతాను కాదు" అంటూ తానూ అరుగు మీద కూర్చుంది. ఆ పుస్తకం అయ్యేదాకా సాయంత్రాలు వాళ్లిద్దరికీ నేనే చదివి వినిపించాను.

ఐదో తరగతితో నా చదువు ఆగింది. నిన్న నా కూతురు వాళ్ల బడి నుంచి అదే పుస్తకం తెచ్చుకుని, అంతా తిరగేసి, "అమ్మా, నువ్వు చెప్పిన దండం మాట యాడుండాది? నాకు అదే బాగుండాది" అంది.

"దాంట్లో యాడుంటాది పాపా? అది మీ అమ్మ కట్టిన కథ" అన్నాను.