ఆరని గీత

మొన్న కర్నూల్లో మా అమ్మాయి కట్టుకుంటున్న ఇంటికి వంటగట్టు రాయి చూద్దామని ముగ్గురం గ్రానైటు దుకాణానికి వెళ్లాం. ఎండలో నిలబెట్టిన బండ మీద దుమ్ము పోవడానికి పనివాడు చెంబెడు నీళ్లు కొట్టాడు. కాలిన రాయి మీద నీళ్లు పడితే లేచే వాసన ముక్కుకు తగలగానే నా నోరు ఆగలేదు. "ఎర్రగుంట్ల నుంచి డోన్ దాకా ఏ ఇంట్లో వంటగట్టు చూసినా, ఆ బండ ఏరింది నేనేనప్పా" అనేశాను దుకాణదారుతో. నా భార్య లక్ష్మీదేవి మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ మాట సాగదీశానని ఒప్పుకుంటాను. ఎర్రగుంట్ల దగ్గర నల్లబండల షెడ్డులో నేను పనిచేసిన మాట నిజం. బండలు ఏరింది మాత్రం మా యజమానురాలు కాశింబీ. నేను నీళ్ల పైపు పట్టుకునేవాణ్ణి. పాలిష్ అయిన బండలు కడిగే పని లక్ష్మీదేవిది. కాశింబక్క ఇప్పుడు లేదు. భర్త పోయాక షెడ్డును ఒంటిచేత్తో నడిపిన పొట్టి మనిషి. కొనడానికి వచ్చినవాళ్లను ఏ రంగు కావాలని ఏనాడూ అడగలేదు. "మీ ఇంట్లో సంగటి కెలికేది ఎవురు?" అని అడిగేది. సంగటి కెలకాలంటే గిన్నెను అదిమిపట్టి, తెడ్డు మీద ఒంటి బరువంతా మోపాలి. ఆ బరువంతా గట్టు మీదే పడుతుంది. "ఆయమ్మను పిల్చకరా. తినేవాడివి, నీకేం తెలుస్తాది?" అని మగవాళ్లను వెనక్కి పంపేది.

బాత్రూముకైతే ఇంట్లో పెద్దవాళ్లు రావాలి. బండ మీద సబ్బునీళ్లు పోసి, చెప్పులు విప్పించి నడిపించేది. అద్దంలా మెరిసే బండే కావాలని పట్టుబట్టిన ఒక పెద్దరైతు రెండో అడుగుకే జారి కూలబడ్డాడు. "ఈడ పడితే నవ్వుతాండారు పెద్దాయనా, ఆడ పడితే ఏడుస్తారు" అంటూ ఆమే రెక్క పట్టి లేపింది. ఆయన గరుకు బండే తీసుకుపోయాడు.

అన్నింటికన్నా విసుగు పుట్టించేది ఆమె నీళ్ల పరీక్ష. బండ తడిపి, తుడిచి, పక్కన కూర్చునేది. అంతా ఆరాక కూడా ఎక్కడైనా సన్నని తడిగీత మిగిలితే, అక్కడ కంటికి కనపడని నెర్ర ఉన్నట్టు. అలాంటి బండ మీద సుద్దతో అడ్డగీత గీసి పక్కన పెట్టించేది. ముక్కలు కోసి అలమార అరలకు తప్ప దేనికీ ఇచ్చేది కాదు.

ఒకసారి ఆమె చుట్టాల పెళ్లికని డోన్ వెళ్లింది. కమలాపురం నుంచి ఒకాయన వచ్చాడు. గృహప్రవేశం దగ్గర పడిందట, తొందర. షెడ్డు మొత్తంలో నల్లగా నిగనిగలాడుతున్నది అడ్డగీత పెట్టిన బండే. సుద్ద తుడిచేశాను. నూనెలో నల్లరంగు కలిపి గుడ్డతో రుద్దాను. ఇక తడిపినా గీత కనపడలేదు. నాకప్పటికే ముప్పై దాటాయి, తెలియక చేశానని చెప్పడానికి లేదు. ఆమె లేనప్పుడు యజమాని నేనేనని చూపించుకోవాలన్న సరదా.

నాలుగో రోజు ఆమె వచ్చింది. "గీత పెట్టిన బండ యాడ?"

"అమ్మేస్తినక్కా."

"దేనికి?"

"వంటగట్టుకు."

నిలబడిన మనిషి ఉన్నపళంగా బండల మీద కూర్చుండిపోయింది. "ఓబులేసూ, ఆ ఇంట్లో సంగటి కెలికేది ఎవురో అడిగితివా?" అంది. నేను అడగలేదు.

అప్పటికప్పుడు మంచి బండ ఒకటి లారీకెత్తించి, నన్నూ లక్ష్మీదేవినీ ఎక్కించుకుని కమలాపురం పోయింది. ఆరోజే గృహప్రవేశం, ఇంటినిండా చుట్టాలు. కాశింబక్క ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. కోడలు సంగటి కెలుకుతోంది. గట్టు కిందనే ఆమె అత్త కాళ్లు చాపుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. కాశింబక్క ముందు ఆ అవ్వను చంకల కింద చేతులేసి అవతలికి లాగింది. పమిటతో సంగటి గిన్నె దించింది, పొయ్యి దించింది. "ఎవురమ్మా నువ్వు, పిచ్చి పట్టిందా?" అని ఇంట్లోవాళ్లంతా అరుస్తున్నారు. ఆమె రెండు చేతులూ గట్టు నడిమధ్యన ఆనించి, సంగటి కెలికినట్టే అదిమింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి ఫెళ్లున చప్పుడు. సగం బండ వెల్లుల్లి మీద పడింది, అప్పటిదాకా అవ్వ కాళ్లున్న చోట. అవ్వ తన మోకాళ్లను తడుముకుంటూ ఉండిపోయింది. అప్పుడు నేను అందరి ముందుకూ వచ్చి, తల వంచుకుని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. మొన్న దుకాణంలో కూడా బండ తడిపించి, తుడిపించి, పక్కన కూర్చున్నాను. "ఇది గ్రానైటు పెద్దాయనా, ఇంకెంతసేపు?" అని దుకాణదారు గొణిగాడు. ఆరనీ అన్నాను. మీ ఇంట్లో సంగటి కెలికేది ఎవరని అమ్మాయిని అడిగితే, "కుక్కరు నాయనా" అని నవ్వింది. ఆ తడి పూర్తిగా ఆరేదాకా నేను అక్కణ్ణుంచి లేవలేదు.

ఇంతవరకు రాసి లక్ష్మీదేవికి చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చేట కింద పెట్టింది.

"నువ్వు యాడ ముందుకొస్తివప్పా? లారీ కాడ్నే నిలబడిపోతివి, గడప కూడా తొక్కలేదు. లోపల జరిగిందంతా నేను చెప్తేనే గదా నీకు తెలిసింది. 'బండ ఏరింది నేనే, తప్పు నాదే' అని చెప్పింది కాశింబక్క. ఆ తిట్లన్నీ నిలబడి తినింది. నీ పేరే ఎత్తలేదు."