నాన్న రికార్డు మీద పాఠం

మా సొసైటీకి కంప్యూటరు వచ్చిన ఏడాదే మా నాన్న పేరు సొసైటీలో లేకుండా పోయింది. ఆయన చనిపోయింది అంతకు ముందు ఏడు. తోటలో మందు కొట్టించి వచ్చి, అరుగు మీద పడుకుని మళ్ళీ లేవలేదు. ఆ పోవడానికి ఎవరూ చేయగలిగింది లేదు. ఈ రెండోది మాత్రం నలుగురం కూర్చుని ఉండగా, నా చేత్తోనే జరిగింది.

సొసైటీ అంటే నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతులు కలిసి పెట్టుకున్నది. కాయ కోతకొచ్చే రోజుల్లో తోట తోటకీ లారీ పంపించి, కాయ ఎత్తించి, ఉత్తరాదికి వెళ్ళే రైలు వేగన్లకి అందించడం దాని పని. ఏ రోజు ఎవరి తోటకి లారీ వెళ్ళాలో ఆఫీసులో వరస కట్టేవారు. వరసలో పేరుంటే సీజను గట్టెక్కినట్టే. లేకపోతే దళారి ఎంతంటే అంతకి ఇచ్చుకోవాలి.

నేను అక్కడ టైపిస్టుని. డిగ్రీ అయ్యి, టైపు హయ్యరు పాసై ఇంట్లో కూర్చుని ఉంటే నాన్నే తీసుకెళ్ళి చేర్పించాడు. మా తోట ముసునూరు దారిలో ఉంది. నాన్న పోయాక అమ్మా నేనూ చూసుకుంటున్నాం. సొసైటీలో సభ్యత్వం ఇంకా నాన్న పేరు మీదే ఉంది. పోయినవాళ్ళ పేర్ల మీద నడిచే సభ్యత్వాలు అప్పట్లో చాలానే ఉండేవి. కాయ పండుతున్నంత కాలం ఎవరూ అడిగేవారు కాదు, లారీ వచ్చేది.

శివరాత్రి వెళ్ళాక కంప్యూటరు వచ్చింది. సెక్రటరీ గారి గదికి కూడా లేని ఏసీ దానికి పెట్టించారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. పనుల మీద వచ్చిన రైతులు కిటికీ అద్దానికి మొహాలు ఆనించి చూసి, "టీవీయా అండీ?" అని అడిగి పోయేవారు. రైతుల వివరాలన్నీ అట్ట కార్డుల మీద ఉండేవి. పేరు, ఊరు, ఎకరాలు, బంగినపల్లి ఎన్ని చెట్లు, రసాలు ఎన్ని, కలెక్టరు కాయ ఎన్ని. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఇక మీదట లారీల వరస దాంట్లోంచే వస్తుందన్నారు.

నేర్పడానికి బెజవాడ నుంచి వారానికి రెండు రోజులు ఒకాయన వచ్చేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేర్చుకునేవాళ్ళం ముగ్గురం: నేను, మా అకౌంటెంటు గారు, తోటలు చూసే సూపర్‌వైజరు. సెక్రటరీ గారు మధ్యమధ్యలో వచ్చి చల్లగా ఉంటుందని కాసేపు కూర్చునేవారు.

నాకు అన్నీ సందేహాలే. వాటిల్లో మొదటిది, మనం కొట్టింది ఎక్కడ ఉంటుంది అని.

"సార్, తెర మీద అక్షరాలు కరెంటు పోతే పోతున్నాయి కదండీ. మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"మీ ఇంట్లో బియ్యం డబ్బాలోంచి" అన్నాడాయన.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకోండి, ఆ మొదటిసారి. తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టాడు. నేను ఏదన్నా అడగాలంటే లేచి నిలబడాలి. నేను అడిగాక, ఆయన అదే ప్రశ్నని గొంతు సన్నం చేసి, నాలాగే దీర్ఘాలు తీస్తూ మిగతావాళ్ళకి వినిపించేవాడు. ఆ తర్వాతే జవాబు. ఒక్కోసారి జవాబు ఉండేది కాదు, వినిపించడంతోనే సరిపోయేది.

"ఈ ఫ్లాపీలోవి ఆ ఫ్లాపీలోకి పంపిస్తే, ఇందులో ఖాళీ అవుతుందాండీ?" అని ఒకరోజు అడిగాను. ఈ గదిలో బస్తా ఆ గదిలో వేస్తే ఇక్కడ ఉండదు కదా. నాకు తెలిసిన లెక్క అది.

"ఖాళీ అవుతుందాండీఈఈ" అన్నాడు ఆయన చేతులు తిప్పుతూ. సూపర్‌వైజరు తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

అకౌంటెంటు గారు పెద్దాయన, నెమ్మదస్తుడు. ఆయనకీ ఏమీ తెలిసేది కాదు. భోజనాల వేళ నా పక్కకి వచ్చి, "అమ్మాయీ, ఫైలు మూయకుండా మిషను కట్టేస్తే ఏమవుద్దో రేపు నువ్వు అడుగు" అనేవాడు. నేను నిలబడి అడిగేదాన్ని. నా గొంతుని మాస్టారు ఎక్కిరించాక, వచ్చిన జవాబుని అకౌంటెంటు గారు తల దించుకుని రాసుకునేవాడు.

కార్డులు దాదాపు అన్నీ ఎక్కించాక ఒకరోజు మాస్టారు, "ఇవాళ తీసెయ్యడం నేర్చుకుందాం. అక్కర్లేని రికార్డు ఒకటి చెప్పండి" అన్నాడు.

సూపర్‌వైజరు ఆలోచించను కూడా లేదు. "ఈ అమ్మాయి వాళ్ళ నాన్నగారిది ఉంది కదండీ. ఆయన పోయి ఏడాది దాటింది."

సూపర్‌వైజరుకి సీజన్లో రైతులంతా తలో బుట్ట రసాలు పంపేవారు. మా నాన్న ఎప్పుడూ పంపలేదు. జీతం తీసుకుంటున్నాడు కదా, మళ్ళీ బుట్టేంటి అనేవాడు. ఆ మాట ఎవరో చేరవేసే ఉంటారు.

నేను అకౌంటెంటు గారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటున్నాడు.

"సార్, ఉత్తుత్తి పేరు ఒకటి పెట్టి చేద్దామండీ" అన్నాను.

"లేచి నిలబడి అడగాలి."

నిలబడి అడిగాను. మాస్టారు దాన్ని నా గొంతుతో అని, "ఉత్తుత్తి పేరు మీద నేర్చుకుంటే చదువు కూడా ఉత్తుత్తిదే అవుతుంది. కూర్చో. కొట్టు" అన్నాడు.

వెతికాను. నాన్న పేరు వచ్చింది. కింద ఊరు, ఎకరాలు, చెట్లు. వారం కింద నేనే కొట్టిన వరస. డిలీట్ అని కొట్టమన్నాడు, కొట్టాను. పేరు పక్కన చిన్న చుక్క పడింది.

"పోయాడా?"

"లేదండీ, ఉన్నారు."

"ఉన్నాడు. గుర్తు పడిందంతే. యముడు గుర్తు పెట్టుకున్నాడు, ఇంకా ఈడ్చుకుపోలేదు. ఇప్పుడు రీకాల్ అని కొట్టు."

కొట్టాను. చుక్క పోయింది.

"చూశారా, లేచి కూర్చున్నాడు" అన్నాడు మిగతావాళ్ళ వైపు తిరిగి. "పాపం, పోయిన ఏడు ఈ సదుపాయం లేకపోయింది."

సూపర్‌వైజరుకి నవ్వుతో దగ్గు వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ సెక్రటరీ గారు కూడా నవ్వి, నేను చూసేసరికి మొహం తిప్పుకున్నారు. మళ్ళీ డిలీట్, మళ్ళీ రీకాల్. చెయ్యి అలవాటు పడేదాకా చేయించాడు. కొంతసేపటికి అది నాన్న పేరని కూడా అనిపించలేదు, అక్షరాలు వస్తున్నాయి, చుక్క పడుతోంది, పోతోంది. చుక్క ఉన్నప్పుడు ఆపించి, "ఇప్పుడు ప్యాక్ అని కొట్టు" అన్నాడు.

"ప్యాక్ అంటే ఏంటండీ?"

"సర్దడం."

మా దగ్గర ప్యాకింగంటే తెలియనివాళ్ళు లేరు. పెట్టెలో వరిగడ్డి పరిచి, కాయకి కాయ తగలకుండా, దెబ్బ తగలకుండా సర్దడం. ఇది కూడా అలాంటిదే అనుకున్నాను. ఈ ఆట అయిపోయింది, ఇక భద్రంగా లోపల పెట్టేస్తుంది అనుకుని, మనసులో కాస్త తేలికపడి మరీ కొట్టాను.

"ఇప్పుడు వెతుకు."

దొరకలేదు. రీకాల్ కొట్టాను. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాను.

"ఎన్నిసార్లు కొట్టినా రాడు. ప్యాక్ అంటే ఇదీ. చూడు, జన్మలో మర్చిపోవు ఇంక" అన్నాడు మాస్టారు. చాలా తృప్తిగా అన్నాడు.

"నకలు తీసిన రెండో ఫ్లాపీలో ఉన్నారు కదండీ?" అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినపడింది.

"ఇన్నాళ్ళకి ఒక మంచి ప్రశ్న. ఇందులోవి అందులోకి పంపిస్తే ఏమవుతుందని నువ్వే అడిగావుగా. చూపిస్తా." నన్ను లేపి తను కూర్చుని, ఇప్పుడు మిగిలిన ఫైలుని రెండో ఫ్లాపీలో పాతదాని మీద ఎక్కించాడు. "ఇప్పుడు రెంట్లోనూ ఒకటే. ఎక్కణ్ణుంచీ రాడు."

తర్వాత టీ వచ్చింది. ఆయన బెజవాడ బస్సుకి లేస్తుంటే, "మళ్ళీ కార్డు చూసి కొట్టేస్తానండీ" అన్నాను. "కొట్టుకో, ఎవరొద్దన్నారు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నాన్న కార్డు వెతికి తీసి, మళ్ళీ ఎక్కించాను. కానీ కొత్తగా ఎక్కిన పేరు జాబితాలో అట్టడుగున వస్తుందని నాకు తెలియదు. ప్రింటు తీసిన కాగితం సూపర్‌వైజరు చేతికి వెళ్ళింది. చివరి పేరు చుట్టూ ఎర్ర సిరాతో గీసి సెక్రటరీ గారి బల్ల మీద పెట్టాడు.

"తీసేసిన పేరు మళ్ళీ ఎందుకెక్కిందమ్మా?" అన్నారు సెక్రటరీ గారు.

"అది పాఠం కోసం తీయించారండీ. తమరు కూడా ఉన్నారు."

"పాఠమో ఏదో, తీయడమైతే తీశారు. ఉన్న పేరైతే ఉండనిచ్చేవాణ్ణి. చనిపోయిన మనిషిని కొత్తగా ఎలా చేర్చుకుంటాం?"

"పోయినవాళ్ళ పేర్లు ఇంకా చాలా ఉన్నాయి కదండీ."

"అవి తీయలేదు కదా. ఎమ్మార్వో ఆఫీసు నుంచి వారసుల సర్టిఫికెట్ తెచ్చుకుని మీ అమ్మగారి పేరు మీద చేర్చుకోండి. అప్పటిదాకా నేనేం చెయ్యలేను."

అకౌంటెంటు గార్ని పిలిచి అడిగారు, పాఠం కోసమే తీయించాడా అని. ఆయన నా వైపు చూడకుండా, "నాకు ఆ మిషను సంగతులేం తెలుస్తాయండీ. అన్నీ ఆ అమ్మాయికే తెలియాలి" అన్నాడు. అడక్కుండా ఎక్కించానని ఆ రోజు నుంచే నన్ను కంప్యూటరు గదిలోంచి తీసి, యార్డులో కాటా దగ్గర రేకుల కింద కూర్చోబెట్టారు. కాయ బరువులు రాయడం. ఈగలు పెదాల మీద వాలేవి.

ఇంటికి వెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. గరిటె ఆపలేదు.

"నీ చేత్తోనే తీశావా?"

"తీయించారు."

"చెయ్యి నీదేగా."

కాసేపటికి కంచం నా ముందు పెట్టి, "రోజూ లేచి నిలబడి ఏవేవో అడుగుతావంట. వద్దు అని ఒక్కమాట అనలేకపోయావా?" అంది. అన్నానని చెప్పబోయాను. ఉత్తుత్తి పేరు పెడదామన్నాను గానీ వద్దని అనలేదు, నిజమే. అన్నం తిన్నాను. ఆ తర్వాత చుట్టాలు ఎవరొచ్చినా అమ్మ నన్ను చూపించి, "వాళ్ళ నాన్నని కంప్యూటర్లోంచి తీసేసింది ఇదే" అని చెప్పేది. నవ్వుతూ చెప్పేది. వాళ్ళు కూడా నవ్వాలా వద్దా అని నా మొహం చూసేవారు.

సీజను వచ్చింది. సొసైటీ లారీ మా గట్టు మీదుగా పక్క తోటలోకి వెళ్ళింది. నింపుకుని మళ్ళీ మా గట్టు మీదుగానే వచ్చింది. డ్రైవరు నాన్నకి తెలిసినవాడే, మా గేటు దగ్గర స్లో చేసి, అమ్మని చూసి, తల తిప్పుకుని పోయాడు. రెండు రోజుల తర్వాత ఈదురుగాలి వచ్చి సగం కాయ రాలగొట్టింది. చెట్టు మీద మిగిలింది దళారికి ఇచ్చాం. అతను బేరం కూడా ఆడలేదు, ఒక ధర చెప్పి బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. మాకు వేరే దారి లేదని అతనికి తెలుసు.

వారసుల సర్టిఫికెట్ కోసం అమ్మ తిరిగినన్ని సార్లు తిరిగింది. చివరికి అది చేతికి వచ్చేసరికి వానలు కూడా అయిపోయాయి. ఇక కొత్త సభ్యత్వం ఇవ్వాలంటే సూపర్‌వైజరు స్వయంగా తోట చూసి, చెట్లు లెక్కపెట్టి సంతకం చెయ్యాలి. ఆయన ఇవాళ రేపు అని తిప్పి తిప్పి వచ్చేసరికి మళ్ళీ ఎండలు ముదిరాయి. ఆదివారం కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను.

గేటు దగ్గర స్కూటరు ఆపి, సీటు మీదే కాగితం పెట్టి, "పాత లెక్కే వేసేస్తానమ్మా" అన్నాడు.

"పాతది పోయింది కదండీ" అంది అమ్మ. "చెట్టు చెట్టూ చూసి రాయాలంట. రండి."

ఎండ నెత్తిన ఉంది. అమ్మ ముందు నడిచింది. బంగినపల్లి వరసలు, అవి దాటి రసాలు. ఆయన మధ్యలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, లెక్క తప్పింది. "ఫర్వాలేదండీ, మొదటినుంచి లెక్కపెడదాం" అని అమ్మ వెనక్కి తిరిగింది. రెండోసారి కలెక్టరు చెట్ల దగ్గరకి వచ్చేసరికి ఆయన చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను.

"లెక్క అయ్యాక" అంది అమ్మ, నా వైపు చూడకుండానే.

చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెంబు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "తల తిరుగుతోందమ్మా" అని ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"అక్కడ కూర్చోకండి, చీమలుంటాయి. ఇంకెంత, నాలుగు వరసలు" అంది అమ్మ.

ఆయన లేచాడు. మిగతా వరసలు గొణుక్కుంటూ లెక్కపెట్టి, అంకెలు వేసి సంతకం పెట్టాడు. అమ్మ కాగితం తీసుకున్నాక నన్ను చూసి తలూపింది. చెంబు ఇచ్చాను. గుటకలు వేస్తుంటే సగం నీళ్ళు మెడ మీదుగా కారిపోయాయి. నాకు జాలి వేయలేదు. వేస్తుందేమోనని కాసేపు చూశాను కూడా.

స్కూటరు వెళ్ళిపోయాక అమ్మ అరుగు మీద కూర్చుని కాగితం చదువుకుంది. చదివి నాకు ఇచ్చింది.

"రసాలు తక్కువ వేశాడు. రేపు సెక్రటరీ గారితో చెప్పు, లెక్క తప్పిందని. మళ్ళీ రమ్మను."

చెప్పాను. ఆ వారంలోనే వచ్చాడు, మిట్టమధ్యాహ్నం.